గాలి తాత నంబరు

ఆ రోజుల్లో మా ఊళ్లో అందరికీ తీరిక ఎక్కువ. బంగారు గనులు మూతపడి కొన్నేళ్లయింది. షిఫ్టు సైరను మోగడం మానేసినా, ఆ వేళకు ఉలిక్కిపడి లేచి కూర్చునే పెద్దవాళ్లు ఇంకా వీధికి నలుగురైనా ఉండేవారు. లేచాక చేయడానికి పనేమీ లేదు కనుక, దారిన పోయే మాలాంటి వాళ్లను ఆపి, "ఏం చదువుతుండావు పాపా?" అని అడిగేవారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు పెద్ద చిక్కు. నేను చదువుతున్నది బీఎస్సీ ఆఖరి సంవత్సరం. కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ. కానీ నా దృష్టిలో అది బీఎస్సీ కాదు, మెడికల్ కాలేజీ గుమ్మం బయట వేసిన బెంచీ. పీయూసీ అయ్యాక రాసిన ఎంట్రన్సులో సీటు రాలేదు. మళ్లీ రాశాను, మళ్లీ రాలేదు. ఊరికే ఇంట్లో ఉండేబదులు ఆ బెంచీ మీద కూర్చుని డిగ్రీ పూర్తి చేస్తూ, ఎప్పటికైనా లోపలికి పిలుస్తారని చూస్తున్నాను. మా అమ్మ దీనికి ఒక పేరు కూడా పెట్టింది. "మా పాప డాక్టరు చదువుకు ముందరి చదువు చదువుతా ఉండాది" అని పాలు పోసే ఆమె దగ్గరనుంచి ఆటో నడిపే అబ్బాయి వరకు అందరికీ చెప్పేది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మా నాయన మాత్రం పేపరులోంచి తల ఎత్తకుండా, "బీఎస్సీ" అని సరిదిద్దేవాడు.

డాక్టరు కాబోయేవాళ్లకు సేవాభావం ముఖ్యమని ఎవరో చెప్పగా విని, నాలో అది ఎంత ఉందో చూసుకుందామనిపించింది. (ఉన్నది కాస్త నలుగురికీ కనబడితే బాగుంటుందని కూడా అనిపించింది. ఇప్పుడు దాచడం ఎందుకు.) ఆండర్సన్‌పేటలో ఒక పాత బడి గదిలో ప్రతి ఆదివారం ఒక రిటైరైన డాక్టరుగారు ఛాతీ జబ్బులు ఉచితంగా చూసేవారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది గనిలో పనిచేసి వచ్చినవాళ్లే. రాతి ధూళి ఏళ్ల తరబడి పీల్చి పీల్చి, పైకి వచ్చాక దగ్గుతో మిగిలినవాళ్లు. నేను మంచి కాటన్ చీర కట్టుకుని, జువాలజీ ల్యాబులో వేసుకునే కోటు చేతిమీద వేసుకుని వెళ్లి నిలబడ్డాను. డాక్టరుగారు నా మార్కులు అడుగుతారనుకున్నాను, అడగలేదు. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావని అడిగితే చెప్పడానికి ఒక మంచి జవాబు తయారుచేసుకున్నాను, అదీ అడగలేదు. నన్ను ఎగాదిగా చూసి, "గట్టిగా అరవగలవా?" అన్నారు. మా ఇంట్లో అందరూ తప్పుపట్టే నా గొంతును అర్హత కింద లెక్కపెట్టిన మొదటి మనిషి ఆయనే.

నాకిచ్చిన పని, ఊదించడం. చిన్న వేణువంత ప్లాస్టిక్ గొట్టం. నిండుగా ఊపిరి పీల్చి దాంట్లో ఒక్కసారిగా ఊదితే, పక్కనున్న ముల్లు అంకెల మీదుగా జరిగి ఎక్కడో ఆగుతుంది. ఊపిరి బలం ఎంతుందో ఆ నంబరు చెబుతుంది. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మూడింటిలో పెద్ద నంబరును నేను గది అవతల కూర్చున్న డాక్టరుగారికి వినబడేలా అరవాలి. ఆయనకు కొంచెం చెవుడు, అందుకే గొంతు గురించి ఆ ప్రశ్న. బాగా తక్కువ నంబరు వచ్చినవాళ్లను అప్పుడప్పుడు ఒకరిద్దరిని ఆయన బెంగళూరులోని పెద్దాసుపత్రికి పంపేవారు. అక్కడ ఆయన పాత శిష్యుడొకాయన పరీక్షలు చేయించి మందులు ఇప్పించేవాడు.

మొదటి రోజు మొదటి ముసలాయనకు నేను ఊరికే ఊదమని చెప్పలేకపోయాను. చదువుకున్నదాన్ని కదా. "చూడండి తాతా, మన ఊపిరితిత్తుల లోపల వాయుకోశాలని ఉంటాయి. ద్రాక్షగుత్తుల మాదిరి ఉంటాయి..." అని మొదలుపెట్టి చాలాసేపు చెప్పాను. ఆయన ఓపికగా అంతా విని, "అయితే ద్రాక్ష తినకూడదంటావా అమ్మా?" అన్నాడు. ఆ తరవాత నేను "ఊదు తాతా" అని మాత్రమే అనడం నేర్చుకున్నాను.

ఇక్కడే అసలు కథ మొదలైంది. నేను నంబర్లు అరుస్తున్నాను కదా, అవి డాక్టరుగారికంటే ముందు బెంచీల మీద కూర్చున్న వాళ్లందరికీ వినబడేవి. మొదటి వారం ఊరికే విన్నారు. రెండో వారం, "ఆయప్పకు ఎంత వచ్చింది? నాకెంత వచ్చింది?" అని అడిగారు. ఆ తరవాత అది జబ్బు చూపించుకునే చోటు కాకుండా పోయింది. పొద్దున్నే వచ్చి ముందు వరసలో కూర్చునేవారు. ఊదే మనిషి ఊపిరి పీలుస్తుంటే గదంతా తనూ పీల్చేది. నంబరు పెద్దదొస్తే చప్పట్లు, తగ్గితే "ఇంగో చాన్సు ఇయ్యమ్మా, పొద్దున టిఫన్ తినలేదు ఆయన" అని సిఫార్సులు. ఒకాయన కోడిగుడ్లు తిని వచ్చేవాడు. ఇంకొకాయన శనివారం అంతా బీడీ ముట్టకుండా ఉండేవాడట. అది తెలిసి డాక్టరుగారు నన్ను మెచ్చుకున్నారు. "ఇన్నేళ్లు నేను చెప్పినా మానలేదు. నువ్వేం చేశావమ్మా?" నేను చేసిందల్లా అరవడమే. అయినా వినయంగా తల వంచుకున్నాను.

ఈ పోటీలో అందరికంటే పైన ఉన్నది గాలి తాత. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఉండేవారు గానీ, నంబరు చూశాక అందరికీ గాలి తాతే. కురుడుమలె దగ్గర రాగులు పండించే కుటుంబం ఆయనది. వయసులో ఉండగా గనిలోకి వచ్చి, లోపల కొయ్య దూలాలు నిలబెట్టే పనిలో జీవితం గడిపాడు. సన్నగా, పొడుగ్గా, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చేవాడు. గొట్టం అందుకుని, అందరినీ ఒకసారి కలియజూసి, మొహం పక్కకు తిప్పి 'తుప్' మని ఊదేవాడు. ముల్లు ఎగిరి పైకి పోయేది. నేను నంబరు అరిచేదాన్ని, గది హోరెత్తేది, తాత తువ్వాలు సరిచేసుకుని వెళ్లి కూర్చునేవాడు.

ఇది సహించలేకపోయిన మనిషి ఒక్కడే, బ్యాండు మామ. గనిలో పనిచేస్తూనే చిన్నప్పటినుంచి చర్చి బ్యాండులో బాకా ఊదినవాడు. ఊదడమనే విద్య తనదేనని ఆయన నమ్మకం. అరవం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. మూడు అవకాశాలూ వాడుకుని, బుగ్గలు పగిలేలా ఊదినా తాత నంబరు దరిదాపుల్లోకి పోలేకపోయేవాడు. "ఎన్న పాపా ఇది? నేను ఎన్ని పెళ్లిళ్లకు ఊదినాను, ఎన్ని చావులకు ఊదినాను! ఆయన దూలం మోసినోడు. ఎట్ల వస్తాది ఆయనకు?" అని నన్ను నిలదీసేవాడు. నేను శాస్త్రీయంగా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, "కొంతమందికి పుట్టుకతోనే ఊపిరితిత్తులు పెద్దవిగా ఉంటాయి మామా" అనేదాన్ని. ఈ సంగతి నేను ఏ పుస్తకంలో చదివానో నాకే తెలియదు.

కానీ నాకు ఒక విషయం మాత్రం వింతగా ఉండేది. గాలి తాతకు లోకంలో ప్రతిదీ చూడాలని ఉండేది. రోడ్డు మీదినుంచి బడి గదికి చిన్న ఎత్తు ఎక్కాలి. ఆ కాస్త దూరంలో ఆయన ఆగి ఎవరిదో మేకను చూసేవాడు. ఇంకాస్త వచ్చి ఆగి, గోడమీద చిరిగిన సినిమా పోస్టరు చూసేవాడు. మళ్లీ ఆగి, దూరంగా బంగారం తీసేశాక పారబోసిన సైనైడు మట్టి దిబ్బల వైపు చూస్తూ నిలబడేవాడు. ఎంత రసికుడు, ఎంత ప్రశాంతమైన మనిషి అనుకునేదాన్ని. డాక్టరు చదువుకు ముందరి చదువు చదువుతున్న నాకు, మనిషి చిరిగిపోయిన అదే పోస్టరును వారం వారం ఎందుకు చూస్తాడన్న ప్రశ్న మాత్రం రాలేదు.

ఒక ఆదివారం బ్యాండు మామ తన బెంచీలో కాకుండా, వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. తాత గొట్టం తీసుకుని ఎప్పటిలా మొహం పక్కకు తిప్పేసరికి, మామ కూడా చుట్టూ తిరిగి అటువైపు పోయి, వంగి ఆయన నోటికేసి చూశాడు. తాత ఊదాడు. ముల్లు ఎగిరింది. నేను నోరు తెరిచేలోగా మామ అరిచాడు.

"అది ఊదేది కాదు! ఉమ్మేది! నాలికతో మూసిపెట్టి 'తుప్' మంటాడు. వక్కాకు ఉమ్మినట్ల! రొమ్ములోనుంచి గాలే రాలేదు!"

గదంతా గోల అయిపోయింది. ఛాంపియన్ తరఫున కొందరు, మామ తరఫున కొందరు లేచారు. "ఇంగోసారి ఊదమనండి, నోరు నేను చూస్తాను" అని మామ పట్టుపట్టాడు. తాత గొట్టాన్ని నా చేతిలో పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను గుమ్మం దాకా పరిగెత్తాను. దిగే దారిలో ఆయన ఎప్పుడూ మేకను చూసే చోటే ఆగాడు. ఆ రోజు అక్కడ మేక లేదు. గుంజ పట్టుకుని, భుజాలు ఎగరేసుకుంటూ ఊపిరి కోసం తంటాలు పడుతున్నాడు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆ ఊళ్లో బెంగళూరు ఆసుపత్రికి అందరికంటే ముందు పోవలసిన మనిషికి, నేనే వారం వారం గొంతు చించుకుని మొదటి బహుమతి ఇస్తున్నాను.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుని, "తీసుకురా ఆయన్ని" అని మాత్రం అన్నారు. తరవాతి ఆదివారం తాత రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బ్యాండు మామ గెలిచాడు గానీ, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన మొహమూ బాగాలేదు. క్లినిక్కు అయ్యాక నా వెనకాలే వచ్చి, "పాపా, ఇల్లు నేను చూపిస్తాను. నువ్వు లోపలికి పో. నేను బయట ఉంటాను" అన్నాడు.

గని కార్మికులకు వరసగా కట్టిన పాత లైను ఇళ్లలో, రేకుల కప్పున్న ఒంటి గది ఇల్లు. తాత గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. అవ్వ రాగి అంబలి గ్లాసులో పోసి నా చేతికిస్తూ, "పడుకునేదే లేదమ్మా ఈయప్ప. కూర్చుకొనే నిద్రపోతాడు. అడిగితే, అట్లనే నిద్ర బాగా పడుతాది అంటాడు" అంది. తాత ఆమెను కసిరి, నన్ను చూసి నవ్వాడు.

"ఏమ్మా, బహుమానం వాపసు అడగడానికి వచ్చినావా?"

"కాదు తాతా. నిజంగా ఒక్కసారి ఊదు. నంబరు నేను ఎవరికీ అరవను. డాక్టరుగారి చెవిలో చెప్తాను."

"తక్కువ వస్తాది."

"రానీ."

ఆయన వీపు వెనక దిండు సరిచేసుకున్నాడు. తరవాత మెల్లగా, మధ్య మధ్య ఆగుతూ చెప్పాడు. "నీకు తెల్దమ్మా. గనిలో ఉన్నప్పుడు ఊదే పరీక్ష అంటే మాకు గుండె దడ. తక్కువ వచ్చిందనుకో, అన్‌ఫిట్ అంటారేమో అని భయం. ఆ మాట పడితే లోపలి పని పోతాది. పిల్లోళ్లు చిన్నోళ్లు. యాడికి పోయేది? ఎవరో ఒకాయన చూపించినాడు, నాలిక ఇట్ల పెట్టి ఇట్ల కొట్టు అని. నేర్చుకున్నాను. గని మూసేసినారు, అందరమూ ఇంటికి వచ్చేసినాము. అయినా నీ చేతిలో ఆ గొట్టం చూస్తానే నాలిక దానంతట అదే అట్ల పోయిందమ్మా. నేనేం మోసం చేద్దామని అనుకోలేదు. నువ్వు అంత గట్టిగా చెప్పినావు, వాళ్లంతా చప్పట్లు కొట్టినారు. అన్‌ఫిట్ అనిపించుకునే దానికి ఇంగ మనసు రాలేదు."

నేను గ్లాసెత్తి అంబలి తాగాను. అప్పుడు తాతే అడిగాడు, "నీదేమో డాక్టరు పరీక్ష ఉండాది కదా, దాంట్లో నీ నంబరు ఎంత వచ్చింది?"

నా ర్యాంకు లోకంలో ఇద్దరికే తెలుసు. నాకూ, మా నాయనకూ. అమ్మ ఊరందరికీ "రిజల్టు ఇంగా రాలేదు" అని చెప్పి రెండేళ్లుగా నెట్టుకొస్తోంది. నేను గ్లాసు కింద పెట్టి, తాత చెవి దగ్గరికి వంగి చెప్పాను. ఐదంకెల ర్యాంకు. ఆయన నోరు తెరిచి నా వైపు చూశాడు.

"అంతనా! అది ఎక్కువా తక్కువా?"

"దాంట్లో ఎక్కువ వస్తే తక్కువని అర్థం తాతా."

"అంటే నువ్వు కూడా అన్‌ఫిట్టే" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆయాసంలోకి దిగింది. అవ్వ వీపు రాసింది. తేరుకున్నాక తాత చెయ్యి చాపాడు. "ఇయ్యి. నీది చెప్పినావు కదా, నాది నేను చెప్పొద్దా?" సంచిలోంచి గొట్టం తీసి ఇచ్చాను. ఈసారి మొహం పక్కకు తిప్పలేదు. పెదాలు బిగించి, ఉన్న ఊపిరంతా ఊదాడు. ముల్లు కదిలిందా లేదా అన్నట్టు కాస్త జరిగి ఆగిపోయింది. నేను నంబరు చూశాను, ఆయనా చూశాడు. జీవితంలో మొదటిసారి నేను గట్టిగా అరవకుండా ఊరుకున్నాను.

తరవాతి వారమే మారికుప్పంలో పొద్దుటి రైలెక్కాం. నేను, తాత, కురుడుమలె వినాయకుడికి మొక్కుకుని కొంగున ముడి వేసుకున్న అవ్వ, ఎవరూ పిలవకపోయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన బ్యాండు మామ. బెంగళూరులో పనులకు పోయేవాళ్లతో పెట్టె కిటకిటలాడుతుంటే, మామ తన బ్యాండు గొంతుతో, "ఛాంపియన్ పోతా ఉండాడు, జాగా ఇవ్వండప్పా!" అని అరిచి కిటికీ పక్కన సీటు సంపాదించాడు. అంతవరకూ వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. బంగారుపేట దాటాక తాత బయటికి చూస్తూనే, "నువ్వు చెప్పకుంటే ఇంగా ఉమ్ముతానే ఉంటాను" అన్నాడు. మామ కూడా ఎదురుగా ఉన్న మనిషి సంచీని చూస్తూ, "నీకు వచ్చిన నంబరు నాకు నిజంగానే రాదు. నేను ఉమ్మి చూసినాను" అన్నాడు. వాళ్ల సంధి అంతే.

ఆసుపత్రిలో ఒక అద్దాల గదిలో తాతను కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, కంప్యూటరుకు తగిలించిన గొట్టంలో ఊదించారు. దాని ముందు నాలిక విద్యలు పనిచేయవు. ఊదించే అమ్మాయి మర్యాదగా, "ఊదండి, ఊదండి" అంటోంది. బయట అద్దానికి ముక్కు ఆనించుకున్న బ్యాండు మామ, "ఊదు అణ్ణా! విడాదే, విడవద్దు! ఇంగా, ఇంగా, ఇంగా!" అని కారిడారంతా దద్దరిల్లేలా అరిచాడు. సెక్యూరిటీ మనిషి వచ్చి ఆయన్ను మెట్ల కిందికి తీసుకుపోయాడు. లోపల చేరిన ధూళి పోయేది కాదని అక్కడి డాక్టరు దాచకుండానే చెప్పాడు. కానీ ఆయాసం తగ్గడానికి పీల్చే మందు, రాత్రి పడుకోవడానికి ఉపాయాలు, పెదాలు సన్నగా చేసి మెల్లగా ఊపిరి వదిలే పద్ధతి, అన్నీ చూపించాడు. ఆ పద్ధతి నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపీ మేడం తాత పక్కన స్టూలు వేసుకుని, ఆయన దమ్ము కుదుటపడేదాకా తనూ ఆయనతో కలిసి ఊపిరి వదులుతూ కూర్చుంది. నేను ఆమెనే చూస్తూ నిలబడిపోయాను.

ఆ తరవాత కొద్ది రోజులకే నా జువాలజీ ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీనుంచి వచ్చిన ఎగ్జామినరు గంభీరమైన మనిషి. "కప్ప నోటితో ఎలా శ్వాసిస్తుంది?" అని అడిగాడు. నేను ఉత్సాహంగా, నోరు మూసి, నాలిక కింది భాగం పైకీ కిందికీ కొట్టి, ఊపిరితిత్తులతో పని లేకుండా గాలి ఎలా ఆడించవచ్చో చెబుతూ చెబుతూ, "దీనివల్ల నంబరు పెద్దదే వస్తుంది గానీ సార్, అన్‌ఫిట్ అంటారనే భయంతో మొదలవుతుంది" అనేశాను. ఆయన కలం కింద పెట్టాడు. "ఎవరమ్మా అన్‌ఫిట్ అనేది? కప్పనా?" విధిలేక కథంతా చెప్పాను. వెనక వరసలో మిగతా పిల్లలు తమ వంతు కోసం చెమటలు కక్కుతున్నారు. ఆయన చివరిదాకా విని, "ఆ పెద్దాయన ఇప్పుడు ఎలా ఉన్నాడు?" అని అడిగి, మార్కులు వేసి పంపించాడు. జువాలజీలో నాకు వచ్చినన్ని మార్కులు మా బ్యాచిలో ఎవరికీ రాలేదు.

డిగ్రీ అయిపోయింది. ఎంట్రన్సు మూడోసారి రాశాను. ఈసారి ర్యాంకు మెరుగైంది గానీ డాక్టరు సీటు దాకా పోలేదు. ఫిజియోథెరపీలో సీటు వచ్చింది. ఇంట్లో అందరూ నేను ఏడుస్తానని ఎదురుచూశారు. నేను ఆ అద్దాల గది పక్కన స్టూలు మీద కూర్చున్న మేడంను తలుచుకుని, వెంటనే చేరతానన్నాను. కాలేజీలో చేరే రోజు నాయన పేపరు మడిచి పక్కన పెట్టి, స్టేషనుకు మొదటిసారి తనే ఆటో పిలవడానికి వెళ్లాడు.

మొదటి సెలవులకు ఊరు వచ్చినప్పుడు ఆదివారం బడి గదికి వెళ్లాను. గొట్టం ఇప్పుడు ఇంకో కాలేజీ అమ్మాయి చేతిలో ఉంది. పాపం, మెత్తటి గొంతు. గాలి తాత కొంచెం నిండుగా కనబడ్డాడు. రాత్రి పడుకుంటున్నాడని అవ్వ చెప్పింది. వాళ్లంతా నన్ను అతిథిలా కుర్చీలో కూర్చోబెట్టారు, టీ తెప్పించారు. ఉన్నట్టుండి బ్యాండు మామ, "పాపా, నువ్వు మాకందరికీ ఊదించినావు. నువ్వెప్పుడైనా ఊదినావా?" అన్నాడు. నిజమే, అన్ని నెలలూ ఆ గొట్టం పట్టుకుని తిరిగానే గానీ ఒక్కసారి కూడా ఊదలేదు. అందరూ పట్టుబట్టారు. నేను పైట సర్దుకుని, ఈ ముసలివాళ్ల ముందు నాకేం తక్కువ అన్నట్టు ఊపిరి పీల్చి ఊదాను. ముల్లు కొంత దూరం పోయి, ఇంక నావల్ల కాదన్నట్టు నిలబడింది. ఆ వయసు పిల్లకు అది చాలా మామూలు నంబరు. చదువుకుంటున్నదాన్ని కనుక ఆ సంగతి నాకే ముందు తెలిసిపోయింది. బెంచీల మీదివాళ్లంతా మొహమాటంగా టీ గ్లాసుల్లోకి చూశారు. గాలి తాత వచ్చి ముల్లు చూసి, నా తల మీద చెయ్యి వేశాడు.

"ఏం కాదులేమ్మా. ఇంగా చిన్నదానివి కదా, పెరుగుతాది."

తాత పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆసుపత్రి వార్డుల్లో నా వెనకాల నలుగురైదుగురు విద్యార్థులు నడుస్తారు. నేనేం చెప్పినా రాసుకుంటారు, నాకు తెలియనిది లేదనుకుంటారు. ఎప్పుడైనా నేనూ అలాగే అనుకోబోతున్నప్పుడు, కాటన్ చీర కట్టుకుని అంత ఆర్భాటంగా ఊపిరి పీల్చిన ఆ పిల్ల గుర్తొస్తుంది. పెరుగుతాదని తాత ఎంతో నమ్మకంగా చెప్పాడు కదా అని, నేనింకా ఎదురుచూస్తున్నాను.